మోకాట్లో మేకు

మలక్‌పేట మెట్రోలో
నేను అడుగుపెట్టగానే గేటు కీచుమంటుంది.
"ఏముందమ్మా?" అంటుంది కానిస్టేబుల్ పిల్ల.
మోకాట్లో మేకు.
పన్నెండేళ్ల కిందట ఎవడో టిఫిన్ డబ్బాలో పెట్టి పంపింది.

వెతుక్కో తల్లీ, సంచీ, కొంగు, మందుల చీటీ.
నాకేం కోపం లేదు.
ఆ సాయంత్రం ఎవరైనా ఇలా వెతికుంటే
ఇవాళ లిఫ్టు కోసం ఆగేదాన్ని కాదు.

నిన్న తెల్లారకముందే
మా గల్లీకి తాళ్లు కట్టారు.
పంక్చర్ షాపు ముబష్షిర్ ఫోను లాక్కున్నారు,
వేలిముద్రలు తీసుకున్నారు.
కాగితమేదంటే వ్యాను చూపించారు.
ఇంకా రాలేదు.

నన్ను భుజాన వేసుకుని
ఉస్మానియా దాకా పరిగెత్తినవాడు.
ఆ చొక్కా మరక వదల్లేదని
వాళ్లమ్మ ఇప్పటికీ తిడుతుంది.

గేటు మళ్లీ కీచుమంది.
చేతులు చాచి నిలబడ్డాను.
నీ సోదా కానియ్యి తల్లీ,
తర్వాత
నాదో ప్రశ్న ఉంది.