అయితే

చేపల రేవులో తెల్లారకముందే పాట మొదలైంది.
ఐసుగుండ పక్కన మా వ్యాను,
వ్యానులో రొమ్ము పరీక్షల యంత్రం,
మెట్ల దగ్గర మడతబల్ల వేసుకుని
లెక్కలు రాసే నేను.

మైలపల్లి నూకరత్నం
తట్ట దించకుండానే అడిగింది:
"కాయితం మీద ఎర్రగీత కొట్టీసినారు.
నాను పోతానేటి?"

చదివిన చదువంతా ఆ ఎర్రగీత దగ్గర నత్తిపడింది.
"చూడమ్మా, వెయ్యిమంది ఆడవాళ్ళు వచ్చారనుకో.
జబ్బున్నది పదిమందికి.
మా యంత్రం ఒక వల.
పదిలో తొమ్మిదిని పట్టుకుంటుంది,
ఒకటి కన్నంలోంచి జారిపోతుంది.
జబ్బు లేనివాళ్ళు తొమ్మిదివందల తొంభై.
వాళ్ళలోంచి కూడా తొంభైతొమ్మిది మందిని
ఊరికే ఈడ్చుకొస్తుంది."

నేను కూడిక వేసేలోగా
తట్టలోంచి పన్నెండు కానాగంతలు తీసి
నా రిజిస్టరు మీద పేర్చింది.
ఒకదాన్ని తిరగేసింది.
"డజనుకొకటి పుచ్చన్నమాట."

అంతే. నూటెనిమిది ఎర్రగీతల్లో తొమ్మిదే నిజం.
నాకు ఒక సెమిస్టరు పట్టింది అది.
ఆమె నవ్వింది. నేనూ నవ్వాను.

"మా అప్పా ఇలాగే నవ్వీది," అంది
కొంగుతో చేతులు తుడుచుకుంటూ.
"ఇదే జబ్బు. దానికన్నా ముందు అమ్మకీ."

అయితే...

మన భాష ఎంత పొదుపరిదో!
'ఒకవేళ'నీ 'కానీ'నీ
ఒక్క మాటలోనే కట్టి పెట్టింది.

ఆ వెయ్యిమందినీ ఇళ్ళకు పంపేశాను.
ఇంకో వెయ్యిమందిని పిలవాలి,
అమ్మనీ అప్పనీ దీనికే ఇచ్చుకున్నవాళ్ళని.
వీళ్ళలో వందమందికి ఉంటుందనుకుంటే
వల పట్టేది తొంభై.
లేని తొమ్మిదివందల్లో ఈడ్చుకొచ్చేదీ తొంభై.

అదే గీత, అదే యంత్రం, అదే మనిషి.
ఇందాకటి నుంచి ఇప్పటికి
ఆమె ఒంట్లో ఒక్క కణమూ కదల్లేదు.
నాకు తెలిసింది కదిలింది, అంతే.

మెల్లగా ఆరు చేపలు తిరగేశాను.

చాలాసేపు చూసింది.
యారాడ కొండ మీద దీపం
తిరిగి తిరిగి మా మీంచి పోయింది.

"సగం పడవెక్కి ఏటకెళ్తారేటి ఎవులైనా?
ఎక్కితే ఎక్కాల. నేదంటే నేదు.
నీ వెయ్యిమందిలో
నానెక్కడ నిలబడాలో సెప్పు."

ఆ గడి నా రిజిస్టరులో లేదు.
సోమవారం, కేజీహెచ్, సూదితో ముక్క తీస్తారు
అని మాత్రం చెప్పాను.
చీటీని చిల్లరతో పాటు కొంగున ముడేసింది.

తర్వాత చేపలు ఏరుకోవడం మొదలెట్టింది.
పదకొండే దొరికాయి.
బల్ల కిందికి వంగి, నా చెప్పులు పక్కకి జరిపి,
తడి నేల మీద చేత్తో తడుముతూ అంది:
"డజనుకొకటి తగ్గితే
కొనీవోళ్ళు ఊరుకోరమ్మా."