మేకలు ముట్టని ఆకు

కార్తీకం వెళ్ళి మంచు దిగిందంటే
నా రొమ్ములో పిల్లి ఈనుతుంది.
పగలంతా పీచుమిల్లులో కొబ్బరి పొట్టు ఎగురుతుంటే
కొంగు మూతికి కట్టుకుని నెట్టుకొస్తాను.
రాత్రి రెండు దాటాక
కూనలన్నీ ఒక్కసారే కూస్తాయి.

అప్పుడు లేస్తుంది మా అత్త నూకరత్నం.
లైటు వెయ్యదు. ఎలాగుందే అని అడగదు.
నా వీపు వెనక దిండు ఎత్తుపెట్టి
పెరటి కంచెలోకి చీకట్లోనే చెయ్యి పోనిచ్చి
తడిమి తడిమి తుంచుతుంది
అడ్డసరం.

మా లంకలో మేకలు
బెండమడి మేశాయి, కనకాంబరాలు మేశాయి,
సర్పంచి గారి ఎలక్షను కాగితాలు మేశాయి.
దీన్ని మాత్రం మూచూసి తల తిప్పుకుంటాయి.

ఏడాకులు.
ఎనిమిదైతే వాంతి, ఆరైతే వృథా, అదీ ఆవిడ లెక్క.
దోరగా వేగిన పిప్పళ్ళు మూడు,
చిదిపిన తాటిబెల్లం,
సోలెడు నీళ్ళు గిద్దెడయ్యేదాకా మంట.
గోడమీద ఆవిడ నీడ ఉబ్బి తగ్గుతుంటే
నా బదులు ఇంకెవరో ఊపిరి తీస్తున్నట్టుండేది.

"ఉమ్మెత్తాకు పొగ మంచిదంటగా" అన్నానోసారి.
"మా మేనమామ పీల్చాడు.
ఆయాసం తగ్గిందో లేదో గానీ
రెండ్రోజులు గాదెతో వియ్యం మాట్లాడాడు.
నోర్మూసుకుని తాగు."

తాగేదాన్ని. నాలిక కొయ్యబారే చేదు.
కొన్నాళ్ళు తెల్లారేసరికి కఫం కదిలేది.
కొన్నాళ్ళు కదిలేది కాదు.
కదలని రోజుల్ని
ఇద్దరం లెక్కలో వెయ్యలేదు.

మొన్న పుష్యంలో,
మిల్లులో కొత్త జల్లెడ బిగించిన రోజు,
కషాయం గొంతు దిగలేదు.
గోళ్ళు నేరేడు రంగు తిరిగాయి.
రేవులో పంటు కట్టేసి ఉంది.
దుప్పటి కప్పుకునే వచ్చి నావ ఇంజను లాగాడు ఏసుపాదం.
గోదారంతా మంచు.
గట్టు ఎటుందో అతనికి తెలీదు,
గాలి ఎటుందో నాకు తెలీదు.
అత్త నా వీపున అరచెయ్యి ఆనించి
దారిపొడుగునా ఒకటే మాట:
"వదులు. తీసుకోడం కాదే, ముందు వదులు."

అమలాపురం ఆసుపత్రిలో
మూతికి మాస్కు పెట్టారు. బుసబుసమంటూ పొగమందు.
పావుగంటలో పిల్లులు ఒక్కొక్కటే గోడ దూకి పోయాయి.
అత్తకేసి చూడ్డానికి సిగ్గేసింది నాకు,
ఆవిడ పొయ్యిని నేనేదో ఓడించినట్టు.
ఆవిడ మాస్కు అందుకుని వాసన చూసి
"చేదే లేదు" అంది,
నమ్మనట్టుగా.

కుర్ర డాక్టరమ్మ ఆకుని తిట్టలేదు.
"తాగితే తాగండి, పీల్చే మందు మాత్రం మానొద్దు.
ఇంతలా ముదిరినప్పుడు పొయ్యి వెలిగిస్తూ కూర్చోకండి" అంది.
అంతలో ఏం వినపడిందో ఏమో,
స్టెతస్కోపు నా మీంచి తీసి
అత్త వీపు మీద పెట్టింది.

"ఎన్నాళ్ళనించమ్మా?"

అత్త చెప్పుల కేసి చూసుకుంది.
"మా పెద్దాడు కడుపులో ఉన్నప్పట్నించండి."

మా ఆయనకి నలభై దాటాయి.

ఏడని ఎలా తేలిందో అప్పుడు తెలిసింది.
ఆరు తాగి చూసింది, ఎనిమిది తాగి కక్కుకుంది,
ఒక్కతే, చీకట్లో,
లైటు వేస్తే ఇంట్లోవాళ్ళు లేస్తారని.
నా కూతకి ఆవిడ లేచేదనుకున్నాను ఇన్నాళ్ళూ.
అసలు పడుకుంటే కదా.

ఇప్పుడు గూట్లో రెండు నీలం డబ్బాలు.
ఆవిడ దానికి పసుపుతాడు చుట్టి గుర్తు పెట్టుకుంది.
మిల్లు మానలేదు నేను. మానితే తిండి లేదు.
కొంగు మాత్రం రెండు మడతలైంది.

రాత్రి కూత నాది కాదు.
డబ్బా పీల్పించి, దిండు ఎత్తుపెట్టి,
ఊపిరి కుదుటపడ్డాక
కంచెలోకి చెయ్యి పోనిచ్చాను.
అవతల ఎవరిదో మేక, నన్ను చూసి తల తిప్పుకుంది.
"ఎన్ని తుంచావే?" లోపల్నించి సన్నగా.

పధ్నాలుగన్నాను.