రెండు గంటల పది నిమిషాలకు

రాత్రంతా అదే ఫొటోలు దింపుకుంటది.
మూడు వందల ఎనభై నాలుగు గుంటల పలక,
గుంటకు తొమ్మిది చోట్ల, చోటుకు నాలుగు రంగులు.
హన్మకొండల తెల్లారేసరికి పదమూడు వేల పైచిలుకు.
నా పని వాటికి పేర్లు పెట్టుడు, జాగ చూపించుడు.

ముందల ఒక్క సున్నా మరిస్తే
రెండో గుంట పోయి ఇరవయ్యో గుంట పక్కన కూసుంటది.
కిందటేడు వచ్చిన పిలగాడు
"ఫైనల్", "కొత్త ఫైనల్", "ఇదే అసలు ఫైనల్"
అని పెట్టి పోయిండు.
ఆర్నెల్ల కణాలు, ఏ మందు తాగినయో ఎవరికీ తెల్వదు,
డిస్కుల ఇంకా జాగ తింటున్నయి.

అవ్వ ఎనుమాముల మార్కెట్ల మిరపకాయ ఏరుతది,
ఎరుపు ఒక దిక్కు, తాలు ఒక దిక్కు.
నువ్వేం చేస్తవే అంటే, నీ పనే అన్న.
"మరి నీకు తుమ్ములు రావా?" అన్నది.

నిజానికి ఇప్పుడు ఏరేది నేను కాదు, ప్రోగ్రాం.
కేంద్రకం చుట్టూ గీత గీస్తది,
గుండ్రమెంత, పొడుగెంత, మెరుపెంత,
ఒక్కో కణానికి ఐదొందల అంకెలు.
మొన్న అది ఒక మాట చెప్పింది:
ఎల్ వరుస నడుమ నాలుగు గుంటల్ల
కణాలు సాగినయని.
నుస్రత్ మేడం మిఠాయి తెప్పించింది.

ఆ నాలుగింట్ల ఒకటి
మందే వెయ్యని గుంట.

అంకెలు మూసి బొమ్మలు తెరిచిన.
అన్ని కణాలూ ఒక్క దిక్కుకే సాగినయి,
గాలికి ఒరిగిన వరిలెక్క.
టైం చూసిన: రెండు పది.
ముందటి రాత్రి పలక, అదే వరుస: రెండు పది.
మూడో రాత్రి బల్ల మీద గ్లాసెడు నీళ్లు పెట్టి కాపలా కాసిన.
ఖాజీపేట దిక్కు నుంచి బొగ్గు బండి.
నీళ్ల మీద సన్నటి ముడతలు.

మిఠాయి డబ్బా అప్పటికే ఖాళీ.
"తీసేయి ఆ బొమ్మలు" అన్నది మేడం,
నా దిక్కు చూడకుండ.

తీసేయలే.
తాలు కూడ పారబొయ్యరు బిడ్డా,
దానికీ ఒక రేటుంటదని అవ్వ మాట.
"రైలు" అని ఒక ఫోల్డర్ చేసిన,
వణుకంటే ఎట్లుంటదో ప్రోగ్రాంకు చూపిస్తున్న,
ఒక్కొక్కటిగా, చేత్తో.

ఇయ్యాల నాలుగు నిమిషాలు ఆగమని మిషన్‌కు రాసి పెట్టిన.
రెండు పది.
కెమెరా కన్ను మూసుకున్నది.
చేతిల చాయ్ మాత్రం
కొద్దిగ కదిలింది.