నలభై ఏడో కిలోమీటర్

తెల్లారేసరికి ఇసుక రోడ్డెక్కి కూసుంటది.
లోడరెక్కి నేను దాన్ని దించుత.
ఎనిమిదేండ్లాయె ఈ కొలువు.
నిన్న దించిందే ఇయ్యాల ఎక్కింది.
ఆనవాలు పట్టనా? దాని నడుము వంపు నాకెరుకే.

మహూత్ దాటి దుక్మ్ పొయ్యే తొవ్వ ఇది.
నేను వచ్చిన ఏడు ఫోర్మెన్ ముసల్లం
నెలవంక దిబ్బ కొమ్ము కొసకు ఒక ఇనుప రాడ్ పాతిండు.
కొమ్ములు ముందటికి జాపి, గాలికి వీపిచ్చి
ఏడాదికి పది గజాల లెక్కన నడిచింది దిబ్బ.
రాడ్ ఇప్పుడు దాని వెనక,
బస్సు తప్పిపోయినోని లెక్క ఒంటరిగ నిలవడ్డది.

గాలి ఇసుకను మొయ్యదు, ఎగిరిస్తది.
ఒక రేణువు దుంకి పడ్డకాడ ఇంకో రెంటిని లేపుతది.
మోకాలెత్తు దాటదు ఆ లొల్లి.
కావాల్నంటే కిలోమీటర్ పలకను చూడు:
పైన అంకె నిన్న రాసినట్టున్నది,
కింద కాలు మాత్రం
మోకాలి కాడ సన్నబడి, రంగు పోయి, తళతళ మెరుస్తది.
రాళ్లు సుత సమోసల లెక్క మూడు మొఖాలైనయి.
గాలి దిక్కు మారినప్పుడల్లా ఒక మొఖం.
జేబుల ఒకటేసుకున్న. ఎవరికీ చూపియ్యలే.

మృగశిర కార్తెకు ఈ గాలికి పిచ్చి లేస్తది.
నైరుతి నుంచే వస్తది,
మనకాడ చెరువులు నింపేదానికి ఇది చెల్లెలే.
ఇటు దిక్కు మాత్రం నోట్లె ఉమ్మి సుత మిగలనియ్యది.
దీన్ని తిట్టాల్నో మొక్కాల్నో తెల్వక
షెమాగ్ ఇంకో చుట్టు చుట్టుకుంట.

మొన్న ఒక పిల్ల వచ్చింది, రహ్మా అట,
నిజ్వా దిక్కు కాలేజీల రాళ్ల చదువు.
రోడ్డుకు ఎడమ పక్క బండ మీద మోకాళ్లేసి
దిక్సూచి పెట్టి ఏందో రాసుకుంటున్నది.
బండ నిండ గీతలు.
గొర్రు తోలినట్టు, అన్నీ ఒక్క దిక్కుకే.

"ఎవరు గీసిన్రు?" అన్న, నా వచ్చీరాని అరబీల.
"సల్జ్" అన్నది.
పాపం, ఎండ దెబ్బనేమో అనుకున్న.
ఉరికిపోయి ఐస్ డబ్బాల నుంచి నాలుగు గడ్డలు తెచ్చి చేతుల పెట్టిన.
నవ్వీ నవ్వీ కండ్ల నీళ్లు తుడుచుకున్నది.
ఆ నీళ్లను సుత గాలే ముందు తాగింది.

తర్వాత నెమ్మదిగ, హిందీ కలిపి చెప్పింది.
ముప్పై కోట్ల ఏండ్ల కింద
ఇక్కడ నిలువెత్తు కాదు, గుట్టలెత్తు మంచు.
అడుగున గులకరాళ్లను పండ్ల లెక్క కరిచి పట్టి
బండను గీక్కుంట నడిచిందట.
ఇసుక మీద వేలితోని గీసి చూపించింది:
"ఇది మా దేశం. దీని పక్కనే మీది. అప్పుడు నడుమ సముద్రం లేదు."
గీసిన దేశాలు గీసినట్టే పూడిపోయినయి.

అప్పుడు యాదికొచ్చింది.
మా బాపు దుర్గం బక్కన్న గోదావరిఖనిల బోరు మిషిను మీద చేసేటోడు.
బొగ్గు పొరలు దాటి ఇంకా కిందికి దిగినంక
రాడ్ చప్పుడు మారుతదనేటోడు.
గుండ్లూ మట్టీ కలిసిన పొర.
"ఎవడో తెచ్చి కుమ్మరించినట్టు ఉంటదిరా" అనేటోడు.
ఎవడని మేమెవ్వలం అడగలే.
అడిగినా ఆయనకు తెల్వది.
అక్కడికి రాంగనే బోరు ఆపి, బీడీ ముట్టిచ్చెటోడట.

రహ్మా పోయినంక ఒక గడ్డ మిగిలింది.
దాన్ని గీతల పెట్టిన.
అది కరిగి, గీత పట్టుకొని సన్నగ పారి,
జానెడు దూరం పోంగనే ఎండిపోయింది.
వేలు పెట్టి చూసిన. సల్లగనే ఉన్నది,
ఒక్క ఊపిరి సేపు.

మళ్ల లోడరెక్కిన.
ఇది ఇసుక దించే జమానా.
ఆ జమానాల మంచు దించెటోడు ఉంటే
ఎన్ని బకెట్లు రాసుకుంటుండెనో.

పొద్దుమూకి లాగ్‌బుక్ తెరిచిన:
నలభై ఏడో కిలోమీటర్. ఇసుక, ముప్పై రెండు బకెట్లు.
దాని కింద రాద్దామనుకున్న,
మంచు, నాలుగు గడ్డలు.
ముసల్లం సంతకం పెట్టాలె గద.
రాయలే.