బావిలో దీపం వాసన

నా ఉద్యోగం పేరు చెబితే పిల్లలు నవ్వుతారు:
న్యూసెన్సుల ఇన్‌స్పెక్టరు.
ఏడాదికి నలభై పౌన్లు, గుర్రం దాణా నాదే.
నిన్నటిదాకా ఇటుకలు పేర్చిన చేతులకి
బోర్డు ఒక నోటుబుక్కూ పెన్సిలూ ఇచ్చి
పదకొండు ఊళ్ళ కంపు అప్పజెప్పింది.

విదర్‌కూంబ్‌లో చర్చి వెనక సందు.
తొమ్మిది కొంపలు, ఒక్కటే బావి,
బావికి పద్నాలుగు అడుగుల్లో మరుగుగుంట,
నడుమ ఓబడయా పందిదొడ్డి.
టేపు పట్టి కొలిచాను. రాసుకున్నాను.
సెప్టెంబరు నుంచీ నాలుగిళ్ళలో
మూడేసి వారాలు దిగని జ్వరం,
పొట్టల మీద గులాబిరంగు మచ్చలు.
డాక్టరు టైఫాయిడ్ అన్నాడు,
పాదిరి దైవచిత్తం అన్నాడు,
ఊరు పొగమంచు అంది.

బావిని మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.
'ఇంత తీపి నీళ్ళు ఈ చుట్టుపక్కల లేవయ్యా' అంటూ
కెజయా బన్స్ కప్పు నిండా ముంచి ఇచ్చేది.
పోయిన వేసవిలో నేనూ తాగాను.
నిజంగానే తీపి.
నోటుబుక్కులో నా దస్తూరీతోనే ఉంది:
'నీరు తేట. రుచి బాగుంది.'
ఆ ముక్క మీద పెన్సిలు ఆనించి చాలాసేపు కూర్చున్నాను.
కొట్టెయ్యలేదు.

బోర్డుకి చెప్పాను.
ఆ కొంపల యజమాని థర్లో గారిది బోర్డులో కిటికీ పక్క కుర్చీ.
'మా తాత తాగిన నీళ్ళవి, తొంభై ఏళ్ళు బతికాడు.'
మిగతావాళ్ళు నీళ్ళు నమిలారు,
ఎవరింటి నీళ్ళు వాళ్ళు.
రుజువు కావాలన్నారు.
సీసాకి లక్క వేసి రైల్లో నగరానికి పంపితే
పరీక్షకి ఒక గినీ.
గినీ మంజూరు కాలేదు.

గాలన్ కిరసనాయిలు పది పెన్నీలు. నా జేబులోవే.
మంగళవారం చీకటి పడ్డాక
మరుగుగుంటలో ఒంపాను.
పంది ఒక్కటే తలెత్తి చూసింది.

బుధవారం ఏమీ లేదు.
గురువారం వాన.
బకెట్లో ముక్కు పెట్టి వెతికాను.
ఆ రాత్రి, చెప్పుకోవడానికి సిగ్గే,
నేను పొరబడి ఉంటే బాగుండునని
మోకాళ్ళ మీద కూర్చున్నాను.

శనివారం ఇంకా తెల్లారకముందే కేకలు:
'బావిలో ఎవరో దీపం కలిపారు!'
టీలో దీపం, గంజిలో దీపం,
జ్వరంపిల్ల పెదాలు తడిపే గుడ్డలో దీపం.

నేనే పోశానన్నాను.
ఎక్కడ పోశానో కూడా చెప్పాను.

చూపులు నన్ను వదిలి గుంట వైపు,
గుంట నుంచి బావి వైపు
ఆ పద్నాలుగు అడుగులూ నడిచాయి.
ఒకావిడ గోడ పట్టుకుని కక్కుకుంది.
ఓబడయా మట్టిపెళ్ళ విసిరాడు, నా భుజానికి తగిలింది.
'బంగారంలాంటి బావి. పాడు చేశావు' అన్నాడు,
ఏడుస్తూ.

కెజయా దగ్గరికొచ్చి నిలబడింది.
'మా టమ్సిన్ ఆఖరి రాత్రి
నీళ్ళు, నీళ్ళు అంది.
చెంచాతో పోస్తూనే ఉన్నాను.
తెల్లారేదాకా పోశాను.'
అంతే.
అది నన్ను అడిగిందో, తనతో తాను అనుకుందో.
జేబులో పెన్సిలు తడుముకున్నాను, ఎందుకో తెలీదు.

బావికి గొలుసు వేసి తాళం పెట్టించాను.
ఒక బకెట్ నీళ్ళు మోసుకెళ్ళి
బోర్డు బల్ల మీద పెట్టాను.
రుమాళ్ళు ముక్కులకి అడ్డం పెట్టుకుని
సంతకాలు చేశారు.
థర్లో గారు చివర్న చేశారు.

కొత్త బావి గుట్ట మీద, అరమైలు ఎగువన.
వసంతం నుంచీ కొత్త జ్వరాలు లేవు,
నాకు కృతజ్ఞతలూ లేవు.
ఇంట్లో మా ఆవిడ దీపం వెలిగిస్తే
ఆ కాసేపూ నేను పెరట్లో ఉంటాను.

కెజయా రెండు బకెట్లతో
మా గుమ్మం ముందునుంచే వెళ్తుంది. పలకరించదు.
నిన్న మాత్రం ఒక బకెట్ దించి,
చెయ్యి మార్చుకుని,
నా వైపు చూడకుండానే అంది:
'చప్పన.'
అవునన్నాను.