నాలుగువందల పది అడుగుల కాడ

బొమ్మ ఆగింది.
బోరు ఆగలేదు, బొమ్మే.
తెర నడుమ తెల్లటి సున్నా
గిర్రున తిరుగుతున్నది, గానుగెద్దు లెక్క.
నూనె మాత్రం రాదు.

సోహార్‌ల శుక్రవారం. పదకొండో నంబరు గది.
కింది మంచం మీద లస్మన్న,
పై మంచాల నుంచి వేలాడే నాలుగు కాళ్లు,
బియ్యం డబ్బా మీద లాప్‌టాప్,
దానికి ఎత్తుగా రెండు సబ్బుపెట్టెలు, గాలాడాలని.
మస్కట్‌కు మారిపోతూ ఓ ఇంజినీరు అగ్గువకు ఇచ్చిపోయిండు.
స్పీకరు లేదు. ఒక మీట ఊడింది.

నేను ఏసీ మెకానిక్‌ను.
వేడెక్కిన దేన్నైనా తెచ్చి నా ముందరే పెడతరు.

మొదలు ఆర్పి మల్ల ముట్టించిన.
అడుగున చెయ్యి పెడితే పెంకలా కాలుతున్నది.
ఫ్యాను సందుల పుల్ల పెట్టి లాగిన:
వెంట్రుకలు, ఇసుక, ఒక చచ్చిన చీమ.
నాకు రోజూ దొరికే సరుకే.
ఛార్జరు గుచ్చి దాని పిసినారితనం మాన్పించిన.
ఎవడో తెరిచి మరిచిన పందొమ్మిది కిటికీలు,
విమానం టికెట్ల ధరలు, సగంల విడిచిన సినిమా,
రియాలుకు రూపాయిలెన్ని అని అడిగిన ప్రశ్న నాలుగుసార్లు,
అన్నీ మూసిన.
పాత గుర్తులన్నీ తుడిచెయ్యాల్నా అని అడిగింది.
తుడువు అన్న.
సున్నా తిరుగుతనే ఉన్నది.

లస్మన్న ఏం మాట్లాడడు.
అడుగుకు ఒక గంట ఓవర్‌టైం, అదీ ఆయన లెక్క.
నాలుగువందల పది గంటలు ఎండల నిలబడి
ఇప్పుడు మనిషి భూమిలకు దిగిండు.
ఇంతకుముందు రెండు బోర్లు పొడిగనే నవ్వినయి.

"ఫోన్ చేసి కనుక్కోగూడదా?" అన్నాడు రాయచోటి ఖాదర్‌వలి.
లైవ్ తీస్తున్నదే ఆ ఫోన్.
బావమరిది చేతిల ఉన్నది అదొక్కటే.
చేస్తే ఉన్న బొమ్మ గూడ పోతది.

నాణ్యత దించి చూసిన, అట్టడుగుకు.
కదిలింది.
కానీ ఏం బొమ్మ!
చెల్కంతా గళ్ల లుంగీ అయింది.
బండి ఒక పసుపు గడి, మనుషులు రెండు గళ్లు,
బొందల నుంచి లేస్తున్నదేందో తెల్లగున్నది.
దుమ్మా, నీళ్లా?
ఈ బీద చూపుకు రెండూ ఒకటే.

"అది గూడ అర నిమిషం కిందటిది" అన్న, ఊకోక.
అక్కడి పొద్దు మనకన్న గంటన్నర ముందు,
అక్కడి బొమ్మ మనకు అర నిమిషం వెనక.
పడేదుంటే పడ్డది ఈపాటికి.
లస్మన్న మొదటిసారి నా దిక్కు చూసిండు.
ఆ చూపుకు నా సంచిల పానా లేదు.

వరండాల రూటరు ఒక్కటే, పద్నాలుగు గదులకు.
ఖాదర్‌వలి చెప్పుల్లేకుండ ఉరికిండు,
తలుపు తలుపూ కొట్టి: "పది నిమిషాలు. బోరు. పానీ, భాయ్, పానీ."
సిల్హెట్ మొంటు నాటకం ఆపిండు.
పెషావర్ దర్జీ ఆఖరి ఓవర్ ఆపిండు,
ఇంకా ఆరు పరుగులు గావాలె.
తొమ్మిదో గది పిల్లగాడు, మొన్ననే పెండ్లైనోడు,
ఒక మాట చెప్పి పెండ్లాం ముఖాన్ని ఆర్పిండు.
ఎవలూ నీళ్లు ఎవలకని అడగలేదు.

గళ్లు విడిపోయినయి.
చెల్క చెల్కైంది. గట్టు మీద మోదుగు మోదుగైంది.
పైపు మీద చెయ్యేసిన తమిళ పిల్లగాడు,
వాని మెడల తాయెత్తు గూడ.

లస్మన్న కండ్లు మూసుకున్నడు.
"చెప్పుండ్రి" అన్నడు. "ఏం రంగున్నది?"

బూడిద. ఇంకా బూడిదే.
నోరు తెరవబోయిన.
అంతల తెర నడుమ ఒక మసక,
పిల్లగాని ముఖం కరిగి పక్కకు జారింది.
థూ, ఇప్పుడే రావాల్నా అని
ఖాదర్‌వలి తువ్వాల కొసతో తుడిచిండు.
పోలేదు.
నోటి ఆవిరి పట్టి మల్ల తుడిచిండు.
మచ్చ కిందికి దిగుతున్నది, మెల్లగ,
ఓ గీత గీసుకుంట.

వేలు పెట్టి చూసిన.
తెర పొడిగున్నది.

మచ్చ మన దిక్కు లేదు.