మిగిలిన పళ్లెం

అశోక్‌నగర్‌ల ఈ ఆడపిల్లల హాస్టల్ నాది కాదు,
పొయ్యి మాత్రం నాదే.
అరవై రెండు పళ్లేలు లెక్కపెట్టి పెడత.
ఒకటి మిగిలిందంటే
ఏ మంచం మీద మిగిలిందో నాకు తెలుస్తది.

ఆనాడు గంగామణిది.
ఆర్మూర్ పిల్ల, గ్రూప్-టూకు చదువుతున్నది.
మూడో అంతస్తెక్కి తలుపు తోస్తే
మోకాళ్లు గడ్డానికి ఆనించుకొని
మూటలెక్క పడి ఉన్నది.
పెదవి మీద పంటి గాటు.
పైన ఫ్యాను తిరుగుతున్నది,
దానికీ ఏం చేయాల్నో తెలువనట్టు.

"ఏమైంది బిడ్డా?"
"ఏం లేదు ఆంటీ."

ఈ "ఏం లేదు" నాకు దగ్గరి చుట్టం.
నాట్లేస్తూ బురదల నిలబడి అన్న,
ఇటుకలు మోస్తూ మేస్త్రీతోని అన్న,
పెండ్లి పీటల మీద గూడ అన్న.
మా అమ్మ నేర్పింది ఒక్కటే ముక్క: ఓర్చుకో.
వాళ్లమ్మ ఆమెకు అదే మూటగట్టి ఇచ్చిందట.
మా ఇంట్ల బంగారమంతా కుదువకు పోయింది గని
ఇదొక్కటి ఎవ్వరూ అమ్ముకోలే.

పక్క మంచం నౌషీన్ ఫార్మసీ చదివింది.
నేను ఉల్లిగడ్డలు కోస్తుంటే
గిన్నెల నడుమ కూసొని పాఠం చెప్పింది:
"గర్భసంచి ఒక పిడికిలి ఆంటీ,
బిగుసుకుంటది, వదులుతది, అదే నొప్పి.
పాపం కాదు, దిష్టి కాదు.
గోళీ నొప్పి ముదిరినంక కాదు, మొదలుకాంగనే.
ఉత్త కడుపున కాదు, రెండు ముద్దలు తిన్నంక.
గోళీలేస్తే పిల్లలు పుట్టరన్నది
ఎవరో పుట్టించిన మాట."

ఇప్పుడు నా వంటింట్ల మేకుకు
కోఠీల కొన్న ఎర్ర రబ్బరు సంచి వేలాడుతది.
వేడినీళ్లు పోసి, తువ్వాల చుట్టి పంపిస్త, తోలు కాలొద్దని.
గ్యాస్ కంపెనీ క్యాలెండర్ల
పాల లెక్క పక్కన
ఎవరి తారీకు కాడ వాళ్లు బొట్టుబిళ్ల అంటిస్తరు.
నౌషీన్ బొట్టు పెట్టుకోదు గని
ఆకుపచ్చ బిళ్ల అంటిస్తది.

గంగామణికి సంచి ఆగలే, గోళీ ఆగలే.
గంటకో ప్యాడు తడిసేది.
బిళ్ల లేని తారీకుల గూడ నొచ్చేది.
"పరీక్ష అయినంక చూద్దాం ఆంటీ" అనేది.
పరీక్షలు ఈ ఊర్ల ఎన్నడన్న అయితయా?
పప్పు నానేసి, చెయ్యి పట్టుకొని
దవాఖానకు తోలుకపోయిన.

డాక్టరమ్మ కలం ఆపి అడిగింది:
"ఎన్నేండ్ల నుంచి ఇట్ల?"
పిల్ల నా దిక్కు చూసింది.
"ఏం లేదు" పెదవి దాకా వచ్చింది, నేను చూసిన.
చెయ్యి గట్టిగ ఒత్తిన.
"ఏడేండ్లు" అన్నది.

ముప్పై, అన్నరు నా లోపల ఎవరో.
నన్నెవరూ అడగలేదు గని.

స్కానింగ్ చీటీ మడిచి రొంటిన దోపుకున్న.
దీనికొక పేరున్నదట, మందున్నదట.
బస్సెక్కినంక కిటికీ పక్కన కూసొని
గంగామణి అడిగింది,
"రాత్రికేం కూర ఆంటీ?"
దొండకాయ అన్న.
మొఖం ముడిచింది.
ఆ ముడుపు నొప్పిది కాదు.